వేలు మళ్లీ పెట్టు

రేషన్ షాపు మిషన్ మూడోసారి వద్దంది.
"పెద్దాయనా, నీ వేలికి అచ్చు లేదు"
అన్నడు డీలరు. లైన్ల ఎవరో నవ్విండ్రు.
నాయిన తన బొటనవేలి దిక్కు
కొత్తగ పనికొచ్చిన పిల్లగాణ్ణి చూసినట్టు చూసిండు.

ఛత్తా బజార్‌ల నలభై రెండేండ్లు
సీసం అక్షరాలు ఏరిన వేలు అది.

అంతకు ముందు మగ్గం మీద ఉండె.
తాత అచ్చు అతుకుతుంటే పక్కన కూసోని
పోగుకు పోగు అందించేటోడు.
కరువు ఏడు అచ్చు అమ్ముకొని పట్నం వచ్చిండు,
వచ్చి మళ్లీ అచ్చు పనిలనే పడ్డడు.
మాట మారలే. కూలి మారింది,
అది కూడా ఎక్కువేం కాదు.

మునవ్వర్ సాబ్ ప్రెస్సు మెట్ల కింద ఉండేది.
సీసం మీద తెలుగు అద్దంల తెలుగు,
కుడి నుంచి ఎడమకు నడుస్తది.
"దేఖో వీరేశం, నీ జబాన్ భీ
మా బాటకే వచ్చింది" అని
సాబ్ జర్దా నములుకుంట మురిసేటోడు.

నేను ఆ అరల ముందే అక్షరాలు నేర్చుకున్న.
బడిల పలక మీద అ ఉల్టా రాస్తే
పంతులమ్మ చెంప మీద ఒక్కటిచ్చింది.
ఇంటికొచ్చేదాకా
అయిదు వేళ్లూ చదువుకునేటట్టే ఉన్నయి.
నాయిన బల్బు కిందికి నా మొకం తిప్పి
"ఇంకు ఎక్కువైంది" అన్నడు.
ఆ రాత్రి అన్నం తినలే.

పెండ్లిళ్ల దినాల్ల శ్రీలు అయిపోయేవి.
పక్క ప్రెస్సుకు ఉరికి
ఏడు శ్రీలు బదులు తెచ్చేదాన్ని, గుప్పిట్ల,
చక్కెర తెచ్చినట్టు.
ఓసారి విందు పేర్చాల్సిన కాడ
మందు పడ్డది. అయిదొందల కార్డులు.
పెండ్లికొడుకు మేనమామ కర్ర పట్టుకొని వచ్చిండు.
పెండ్లయినంక మళ్లొచ్చి ఆయనే చెప్పిండు,
పిలవనోళ్లు కూడా వచ్చిండ్రని.
సాబ్ కండ్లల్ల నీళ్లొచ్చేదాకా నవ్విండు.
నాయిన నవ్వలే.
ఆ కార్డును గోడకు మొల కొట్టి తగిలేసిండు,
రోజూ దాన్ని చూసినంకనే పనికి కూసునేది.

అచ్చొచ్చిన గల్లీ అనేది అమ్మ దాన్ని.
దగ్గు లేచిన రాత్రి మాట మార్చేది.
నన్ను చూసినోళ్లంత
అచ్చు గుద్దినట్టు నాయినే అనేటోళ్లు.
ముక్కు సంగతి ఏమో గని,
నాలుగు లైన్లు చదివితే
తప్పొకటి ముల్లు లెక్క గుచ్చుకునే రోగం
అచ్చంగా ఆయనదే.

ఆఫ్‌సెట్ వచ్చినంక సాబ్
అక్షరాలను తూకానికి అమ్మిండు.
గోనె సంచుల్ల పోసి, కాంటా మీద పెట్టి.
అచ్చు లేంది హల్లు నోరు తెరవదని
బడిల చెప్పిండ్రు గదా,
కాంటా మీద అచ్చులకు హల్లులకు ఒకటే రేటు.

ఇప్పుడు నాకు కోఠిల చిన్న దుకాణం,
రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్.
"అక్కా, జల్ది ప్రింట్ కొట్టు" అంటరు పిల్లలు.
కొడితే పడుతది. ఎవరి వేలికీ మరక అంటదు.

"జర నెత్తికి రుద్దుకొని పెట్టు"
అన్నది లైన్ల వెనక ముసలమ్మ.
నాయిన వేలును నెత్తికి రుద్దిండు,
రోలర్‌కు ఇంకు పట్టించినట్టు,
తొందర లేకుంట, అన్ని దిక్కులా.
పెట్టిండు.
పచ్చ లైటు వెలిగింది.
మిషన్ నాలుక చాపినట్టు చిట్టీ బయటికొచ్చింది.

డీలరు బియ్యం జోకుతున్నడు.
సంచి పట్టుమంటే నాయిన ఇనలే.
చిట్టీని కండ్ల కాడికి తెచ్చుకున్నడు.
భోగ వీరశం.
ఏత్వం ఎగిరిపోయింది.

"తప్పున్నది" అన్నడు డీలరుతోని.
"బియ్యం అయితే వచ్చినయి గదా" అన్నడు డీలరు.
నేను సంచి మూతి తెరిచి పట్టుకున్న.
గింజలు దాని మీద పడుతున్న చప్పుడుల
నాయిన ఒక చేత్తో చిట్టీ పట్టుకొని
ఇంకో చెయ్యి చెవి మీదికి పోనిచ్చి
ఎర్ర పెన్సిల్ కోసం దేవులాడుతున్నడు.