మాట అందించే మనిషి

రీగా నగరంలో, వేదిక కింద
నడుము లోతు గుంటలో
ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను.
నా పని మాట అందించడం.
ముందు వరుసకు వినపడకూడదు,
మిల్డాకు వినపడాలి.
ఆ రెంటి నడుమ సన్నటి సందులో
నా జీతం, నా బతుకు.

అక్కడి నుంచి చూస్తే
మహారాణులందరికీ అరిగిన మడమలే.
కత్తిపోటుకు చచ్చినవాడు
తెర పడేలోగా నాకేసి కన్ను గీటేవాడు.

మూడో అంకంలో మిల్డాకు నలభై ఒక్క పంక్తులు.
మునిగిన పడవ తాడు ఒళ్ళో పెట్టుకుని
భర్తను తిట్టి, సముద్రాన్ని తిట్టి,
చివరికి రొట్టె ఖరీదు గురించి మాట్లాడుతుంది.
రాసినాయన పోయి ఎనభై ఏళ్ళు.
బళ్ళో పిల్లలు కంఠతా పట్టి
బెత్తం దెబ్బలతో పాటు మరిచిపోతారు.
ఆమె మాత్రం ప్రతి రాత్రీ
ఇరవై తొమ్మిదో పంక్తి దగ్గర ఆగేది.
"అయితే" అన్న మాట. అంతే.
మరుపో, నటనో, నాకెప్పుడూ తెలియలేదు.
నేను "అయితే" అనేదాన్ని.
ఆమె కళ్ళు కిందికి దిగి
నన్ను తాకి పైకి లేచేవి.
బాల్కనీ చివర్లో ఎవరో ముక్కు చీదుకునేవారు.

తర్వాత సినిమా వాళ్ళు వచ్చారు.
విస్వాల్దిస్, ముప్పై నిండని దర్శకుడు,
మెడలో ఎర్ర పెన్సిలు వేలాడదీసుకుని
నలభై ఒక్క పంక్తుల్నీ మూడు చేశాడు.
మర్నాడు ఆ మూడూ కొట్టేశాడు.
"సముద్రం ఉందిగా, అదే మాట్లాడుతుంది" అన్నాడు.
నాకు ఒళ్ళు మండింది.
సముద్రానికి పాఠం రాదు.

లియెపాయా ఒడ్డున, అక్టోబరు చలిలో
మొదటి రోజు మిల్డా
అలవాటు కొద్దీ గొంతెత్తింది.
ఇసుక మీది పక్షులన్నీ లేచిపోయాయి.
"తగ్గించండి."
తగ్గించింది. "ఇంకా."
చేతులు దించింది. "ఇంకా."
కనుబొమలు. "అవి కూడా."
ఇన్నేళ్ళూ చివరి వరుస కోసం
పెద్దక్షరాలతో రాసుకున్న ముఖాన్ని
పలక తుడిచినట్టు తుడిచేసింది.
రెండో రోజుకు అందులో ఏమీ మిగల్లేదు,
వయసు తప్ప.
దాన్నే జానెడు దూరం నుంచి తీస్తానన్నాడు.

నాకక్కడ పని లేదు.
మర్యాదకు తీసుకెళ్ళారు, టీ ఇచ్చారు,
కెమెరా కాళ్ళ పక్కన
చేపల పెట్టె మీద కూర్చోమన్నారు.
ఒళ్ళో పుస్తకం. పేజీలు గాలే తిప్పింది,
అన్నీ తప్పు పేజీలు.

ఏడో టేకు.
మిల్డా తాడు పట్టుకుని ఊరికే కూర్చుంది.
నేను లోలోపల మొదలుపెట్టాను.
ఆమె ఊపిరి చూస్తే తెలిసింది,
తనూ మొదలుపెట్టిందని.
భర్తను తిట్టాం. సముద్రాన్ని తిట్టాం.
ఇక రొట్టె దగ్గరికి వెళ్ళాలి,
ఇరవై తొమ్మిది.
ఆగిపోయింది.
ఏ మాటా లేని చోట
మాట మరిచిపోయింది.

నా నోరు ఊరుకుంటుందా?
"అయితే."
కళ్ళు కిందికి దిగాయి,
నన్ను తాకాయి, లేచాయి.

"ఎవరది గుసగుస?"
ఆర్విడ్స్ హెడ్‌ఫోన్లు పీకేసి అరిచాడు.
నన్ను వ్యాను దగ్గరికి పంపేశారు.
తర్వాత ఇంకో పధ్నాలుగు టేకులు తీశారట.
చలికి ఆమె పెదాలు నీలమయ్యాయట.

సినిమాలో ఉన్నది ఏడోదే.
నా గుసగుసను గీకేసి
దాని మీద ఒక అల పరిచారు.
టిక్కెట్టు కొనుక్కుని నాలుగో వరుసలో కూర్చున్నాను.
ఆమె కన్ను మా ఇంటి తలుపంత.
పక్కనాయన భార్య చెవిలో అంటున్నాడు:
"చూశావా, పోయిన మొగుణ్ణి చూస్తోంది."
పత్రికలూ అదే రాశాయి.
ఒకటి మాత్రం దేవుణ్ణని రాసింది.
నేనేమీ అనలేదు.
ముందు వరుసకు వినపడకూడదు కదా.

ఆ వారమే మళ్ళీ నాటకం.
తెర లేవబోతుంటే మిల్డా గుంట మీదికి వంగి
"ఆ రోజు నిజంగానే మరిచిపోయాను" అంది.
దీపం ఆమె వెనక ఉంది,
ముఖం కనపడలేదు.
"ఎడమ మడమ ఊడుతోంది, చూసి నడువు"
అన్నాను.