లెక్కకు రానివి

బోరబండల పిండిగిర్ని మీద రూము.
రాత్రి ఎనిమిదింటికి కింద జొన్నలు పడ్తయి,
పైన ఇంగ్లీషు పడ్తది.
బెంచీ వణుకుతది, నా అక్షరం గూడ.

షాహీన్ టీచర్ బోర్డు మీద మామిడిపండు గీసింది.
ఒక్కటైతే ముందట 'ఎ' పెట్టాలె.
రెండైతే 'ఎ' తీసేసి ఎనక 'ఎస్' తగిలియ్యాలె.
రెండు దిక్కుల ఒక్కసారే పెడితే
నెత్తి మీదొక బిందె, సంకల ఒక బిందెతోని
మెట్లెక్కినట్లైతదన్నది.
దినం తప్పి దినం నేను అట్లనే ఎక్కుత.
చెప్పలే.

తర్వాత నీళ్లు వచ్చినయి.
వాటర్‌కు 'ఎ' లేదు, 'ఎస్' లేదు,
లెక్కకే రాదంట.
మా దిక్కు నీళ్లు ఎన్నడు ఒక్కటి గాదు టీచర్,
ఉన్నయంటం, ఉందనం.
పాలు అంతే, బియ్యం అంతే.
మా గల్లీల ఇంటికి ఆరు బిందెలు,
ఏడోది పెడితే అంజమ్మ జుట్టు పడ్తది.
లెక్కకు రావని ఆమెకు చెప్పిరా, పో.
టీచర్ నవ్వింది:
"బిందెలు వస్తయి, నీళ్లు రావు."
నిజమే. మంగళారం సుత రాలే.

'యాన్ అవర్' కాడ ఆగినం.
హెచ్ ఉన్నది గని నోరిప్పదు,
దానికోసమని ముందటిది తీరు మార్చుకుంటది.
నోరిప్పనోళ్లను చూసి పక్కోళ్లు మారుడు
ఇంగ్లీషులనే చూసిన.

పొద్దంత మాదాపూర్ల, అద్దాల బిల్డింగు.
సూపర్వైజర్ ఫోన్ల అంటడు,
"పదో ఫ్లోర్‌కు హౌస్‌కీపింగ్ పంపు."
ఇద్దరం పోయినా హౌస్‌కీపింగే,
నలుగురం పోయినా హౌస్‌కీపింగే.
ముందట 'ఎ' లేదు, ఎనక 'ఎస్' లేదు.
నీళ్ల లెక్క.
పిండి లెక్క.

ఇగ మిగిలింది 'ద'.
గది మనకు లేదు.
చెప్పేటోళ్లకు, ఇనేటోళ్లకు
ఇద్దరికి ఎరుకైన దానికే 'ద' అంటరంట.
"నువ్వొకటి చెప్పు బాలమణి."

ఆ బిల్డింగుల ఐదు లిఫ్టులు.
మెడల నీలం తాడున్నోళ్లు ముందటి నాలుగిట్ల ఏదన్న ఎక్కొచ్చు,
వాళ్లకు 'ఎ లిఫ్ట్'.
మాకు ఎనకది, చెత్తడబ్బాలు దిగేది.
ఏ లిఫ్టని అక్కడ ఎవ్వరడగరు.

లేసి నిలవడ్డ. కొంగుకంటిన పిండి దులుపుకున్న.
"వి టేక్ ద లిఫ్ట్."

టిక్కు కొట్టవోయిన చాక్‌పీసు
బోర్డు మీద ఆగింది.
"ఏ లిఫ్టు?" అన్నది టీచర్.

కింద గిర్ని బందైంది.