పళ్ళతో పట్టిన బుట్ట

పొన్నేరిలో రైలు దిగి
ఆటో అతనితో "పళవేర్కాడు" అన్నాను.
నా తమిళానికి నవ్వి
"పులికాటుకే గదమ్మా, ఎక్కు" అన్నాడు తెలుగులో.

ఉత్తరాన మద్రాసు ఇంత తొందరగా అయిపోతుందనుకోలేదు.
కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు
నీళ్ళలో తలకిందులుగా నిలబడ్డాయి.
వాటి సందుల్లో ఫ్లెమింగోలు
తల ముంచి బురద జల్లెడ పడుతున్నాయి.

నడుంలోతు నీళ్ళలో చెంగమ్మ.
చేతులు రెండూ అడుగున, రొయ్యల కోసం.
తాటాకు బుట్ట తాడు పళ్ళ మధ్య.
బుట్ట అంచున ఎర్రాకుతో ఒక అల్లిక,
మెట్లు మెట్లుగా ఎక్కి
సగంలో మనసు మార్చుకుని ఆగిపోయింది.

"ఆ అల్లిక పేరేంటి?" గట్టు మీంచి అరిచాను.
నోరు తెరిస్తే బుట్ట జారిపోతుంది.
కనుబొమలతో ఏదో చెప్పింది.
నాకా భాష రాదు.

మధ్యాహ్నం, ఆరేసిన వలల పక్కన
కొంగు పిండుకుంటూ అంది:
"పేరేముంది మేడం.
మాయమ్మకి రంగాకు చాలక ఆడ నిలిపేసింది.
నేనూ ఆడనే నిలిపేస్తా.
ఇప్పుడు ఆకు శానా ఉండాది, అయినా."

నూటయాభైకి కొత్తది కొన్నాను.
బేరం ఆడాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గు.

పెరంబూరులో ఫ్రిజ్ మీద ఉంది. బిల్లులు వేస్తాం.
వానకు ముందు కాస్త ఉప్పు వాసన.

కూరల సంచులతో రెండు చేతులూ నిండి
తాళాల గుత్తి పళ్ళతో పట్టుకుని మెట్లెక్కుతుంటే
వెనకనుంచి మా ఆయన ఏదో అడుగుతాడు.
కనుబొమలు ఎగరేస్తాను.
"ఏమన్నావ్?" అంటాడు.