రెండంగుళాల మేకు

తాగడానికి ఎక్కడికెళ్ళాలని
టికెట్లు చింపేదాన్ని నన్నడుగుతున్నావా?
సరే, ముందు నూరు పెసోలు ఇక్కడ పెట్టు.

వాల్పరైసోలో ఏ సందులో ఏ సీసా మూత ఊడిందో
ఈ గాజు కిటికీ వెనక కూర్చునే చెప్పగలను.
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా,
ఈ చెక్కపెట్టెలో కొండ దిగేటప్పుడు నిటారుగా ఉన్న జనం
ఎక్కేటప్పుడు ఒకళ్ళ మీద ఒకళ్ళు వాలిపోవడం.

రేవు పక్కన ఓడలవాళ్ళ బార్లున్నాయి.
గోడలకి వలలు, ఎర్ర రబ్బరు చక్రాలు.
మెనూ నాలుగు భాషల్లో ఉంటుంది,
బిల్లు మాత్రం ఐదో భాషలో.
వెళ్ళొద్దనను. ఫోటోలు బాగా వస్తాయి.

పాట కూడా కావాలంటే
చేపల మార్కెట్ వెనక మేడ మీద ఎలియెసెర్ దగ్గరికి పో.
గిటారుకి ఒక తీగ తక్కువ, గొంతుకి ఏమీ తక్కువ లేదు.
అక్కడ భూకంపం ఇమ్మని అడుగు.
భయపడకు, అది గ్లాసు పేరు.
తెల్లవైన్లో అనాసపండు ఐస్‌క్రీం ముద్ద తేలుతుంటుంది.
పిల్లల తిండిలా తియ్యగా దిగి
లేవబోయేసరికి కాళ్ళకింద నేల లాగేస్తుంది.
రెండోసారి పోసేది చిన్న గ్లాసు,
దాన్ని మలిప్రకంపన అంటారు.
రెండూ తాగినవాణ్ణి నేను టికెట్ అడగను,
చెయ్యిపట్టుకుని ఎక్కిస్తాను.

ఇదంతా అందరికీ చెప్పేదే.
నీ బూట్లు చూశాక మనసు మారింది.
మడమలు అరిగాయి, మెట్లెక్కే మనిషివే.

పైన దిగి ఎడమకి తిరుగు. నూట అరవై మెట్లు.
మధ్యలో నల్లకుక్క పడుకుని ఉంటుంది,
దాటి వెళ్ళు, లేపకు.
పచ్చరేకు తలుపు, ఎల్సీరా ఇనుప సామాన్ల కొట్టు.
బోర్డు మీద వైన్ అన్నమాట ఎక్కడా లేదు.
మొగుడు పోయినప్పుడు లైసెన్సు కూడా ఆయనతోనే పోయింది.
మునిసిపాలిటీవాళ్ళు మూడుసార్లు తిప్పించుకున్నారు,
నాలుగోసారి ఆమె వెళ్ళలేదు.
ఇప్పుడు మేకులమ్ముతుంది.
రెండంగుళాల మేకు, ఒక్కోటి ఎనిమిది వందల పెసోలు.
మేకు కొన్నవాళ్ళకి గ్లాసుడు వైన్ ఊరికే.
"ఎన్ని మేకులు?" అంటుంది కళ్ళజోడు మీంచి.
మొదటిరోజు ఒకటే అను.
నాలుగో మేకు అడిగితే
"గోడ కడుతున్నావా?" అని వీధి వినేలా అరుస్తుంది.

క్రేన్ నడిపే నిబాల్దోకి
చిరగని జేబు ఒక్కటి మిగల్లేదు.
చక్కెర డబ్బాలో మేకులు, దిండుకింద మేకులు.
"ప్రభువుని ఇంకోసారి సిలువ వేద్దామనా?"
అని అడిగిందట వాళ్ళావిడ.

నవ్వకు.
పై కొండ తగలబడిన ఏడు
నీలగిరి చెట్ల మీంచి నిప్పు దూకి
మా వరస మొత్తం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.
ప్రభుత్వం రేకులు పంపింది, చెక్కలు పంపింది,
మేకులు మర్చిపోయింది.
మర్నాడు పొద్దున్నే కింది వరసల తాగుబోతులంతా
డబ్బాలతో, టోపీలతో, ముడివేసిన మేజోళ్ళతో
ఒకళ్ళ వెనక ఒకళ్ళు మెట్లెక్కి వచ్చారు.
ఒక్కడూ తూలలేదు.
నిబాల్దోవే పదకొండు కిలోలు.
ఎల్సీరా ఆ కుప్ప చూసి
"ఇంత పోశానా నేను" అని
గడపమీద కూలబడింది.
నవ్విందో ఏడ్చిందో పొగలో తెలియలేదు.

మా వంటింటి తలుపు పైబందులో ఉన్న మేకు
వాండరర్స్ జట్టు ఓడిన రాత్రిదట.
కొద్దిగా వంకరగా ఉంటుంది.
నిబాల్దో చెప్పాడు, నేను నమ్మాను.

ఆఖరి పెట్టె పదకొండింటికి.
ఆ తర్వాత మెట్లే,
సముద్రం మీంచి మంచు వచ్చిందంటే అవీ కనబడవు.

నేనా?
నేను తాగనని ఎవరన్నారు?
ఈ చిల్లర డబ్బా ఒకసారి ఎత్తి చూడు.
చిల్లరకి అంత బరువుంటుందా?