ఐదు వందల ఫిల్సు

అబ్బాసియాలో ఒక మూడో అంతస్తు.
కింద చేపల కొట్టు, పైన తంపి సార్ కోచింగు.
రెండేళ్ళు, రోజుకు మూడు బ్యాచీలు,
గుండె బొమ్మ గీశాను.
నేను రెండుసార్లు సీటు తప్పిన పరీక్షకే
పిల్లల్ని తయారుచేశాను.
పోయినేడు ఫిదాకు మంజేరిలో సీటొచ్చింది,
హల్వా పంపింది. తిన్నాను, బాగుంది.

"ఎదుటి మనిషి కుడి మనకు ఎడమ"
అని చెప్పీ చెప్పీ
ఇంట్లో నాన్నకు కూరగిన్నె అందించేటప్పుడూ
ఒక్క క్షణం ఆగేదాన్ని, ఏ చేత్తో అని.

గంటకు మూడు దినార్లు.
సాల్మియాలో కొత్త సెంటరు నాలుగుంబావు ఇస్తానంది,
వారానికి మూడు రోజులే, మిగతా పూటలు నా పుస్తకాలవి.
అక్కడ గుండె లేదు.
ఇంగ్లీషు పేరా చదివించి
రాసినవాడి ఉద్దేశం నాలుగింటిలో ఏదో గుర్తుపట్టించాలి.
"నాలుగుంబావా?
ఏర్‌పోర్టుకు రెండు ట్రిప్పులు తోలితే గానీ రాదు గదమ్మీ"
అన్నాడు నాన్న.
అందులో సంతోషమెంతో, ఇంకోటెంతో
నాలుగు ఆప్షన్లిచ్చినా చెప్పలేను.

మానేస్తున్నానంటే తంపి సార్ ఏమీ అనలేదు.
రిమోటు తీసి ఏసీ పద్దెనిమిదికి దించాడు.
"డాక్టర్లయ్యేవాళ్ళూ పోతారు, కానివాళ్ళూ పోతారు."
నన్ను ఏ జాబితాలో వేశాడో అడగలేదు.

మూడో రోజు ఫోను:
"నీ గుండె పోవడం లేదు."
ఆఖరి క్లాసు తొందరలో నేను తీసింది
చెరిగే మార్కరు కాదట.
కొత్త మాస్టారు దాని చుట్టూ మిగిలిన చోటులో
కిడ్నీ చెబుతున్నాడట.

గోళ్ళరంగు తుడిచే సీసా, పాత చున్నీ ముక్క పట్టుకుని
తోజు లేచిన పొద్దున బస్సెక్కాను.
ఊరి మీద ఎవరో డస్టరు దులిపినట్టుంది,
టవర్లు లేవు, సముద్రం లేదు.
ఖాళీ గది. బెంచీ మీద మరిచిపోయిన టిఫిను మూత.
బృహద్ధమని ముందు పోయింది, సులువుగా.
కర్ణికలు, కవాటాలు,
నేను వేసిన ఎరుపు బాణాలు, నీలం బాణాలు.
ఎడమ జఠరిక గోడ దగ్గర చెయ్యి నొప్పెట్టింది.
అది మందంగా ఉంటుందర్రా అంటూ
నొక్కి నొక్కి గీసింది నేనే కదా.

కవరిచ్చాడు సార్.
ఆఖరి నెల జీతంలో ఐదు వందల ఫిల్సు తక్కువ.
"మార్కరుకి."

అప్పుడడిగాను, బస్సెక్కినప్పట్నుంచీ నోట్లో నానుతున్నది.
సార్, సిఫారసు ఉత్తరం కావాలి.
బహ్రెయిన్లో కాలేజీ, సగం ఫీజు మాఫీ,
ఇరవయ్యో తారీఖు ఆఖరు.
గత ఉద్యోగం ఎందుకు వదిలారని ఆ ఫారంలో ఒక గడి.
దినారుంబావు అని రాసి కొట్టేశాను,
సమయం అని రాసి కొట్టేశాను,
అది ఇంకా ఖాళీగానే ఉందని ఆయనకు చెప్పలేదు.

"నువ్వే రాసుకో, సంతకం పెడతా."

ఆ బెంచీ మీదే కూర్చుని
నేను వదిలేసిన మనిషి గొంతుతో
నన్ను నేను పొగుడుకున్నాను, ఒక పేజీ.
ఈమె ఓపికస్తురాలు. ఈమె అసాధారణ ఉపాధ్యాయిని.
ఎవరీ ఈమె?
ఎదురుగా నిలబెట్టి చూస్తే
కుడేదో ఎడమేదో తేలలేదు.

సార్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.
"అసాధారణ" కొట్టేసి "మంచి" అని దిద్దాడు.
సంతకం కింద, నేను రాయని ఒక వాక్యం:
బోర్డు తుడవడానికి తిరిగి వచ్చింది.

ఐదు వందల ఫిల్సు మాత్రం ఇవ్వలేదు.

మెట్ల కింద చేపలవాడు కరిగిన ఐసు పారబోస్తున్నాడు.
నాలుగింటికి సాల్మియాలో క్లాసు.
బస్సు కోసం నిలబడి గోళ్ళు చూసుకున్నాను,
కొన్ని ఎరుపు, కొన్ని నీలం.