కుంచెడు తవుడు

టెక్కలి తాలూకాఫీసు గోడలో
మూరెడు వెడల్పు రాయి.
దాని మీద సున్నం, సున్నం మీద నీలం రంగు,
నీలం మీద ఏదో పార్టీ,
పార్టీ మీద మైదా జిగురుతో అంటించిన సర్కస్సు.
అక్కడో రాయి ఉందని
దానికి చుట్ట నలిపి ఆర్పేవాళ్ళకి తప్ప
ఎవరికీ తెలీదు.

విశాఖపట్నం నించి వచ్చిన హైమవతి మేడం
నా చేతిలో ఉలి చూసి అన్న మొదటి మాట:
"అది సంచిలో పెట్టీండి."
ఇనప బ్రష్షు వద్దు. యాసిడ్ వద్దు.
వెదురు పుల్ల, మెత్తటి కుంచె, వాన నీళ్ళు.
ఇరవై ఏళ్ళు గ్రానైట్ కోసినవాణ్ణి
పసిదాని చెవి తుడిచినట్టు
రాయి తుడవడం నేర్చుకున్నాను.

ఎవరో ఎప్పుడో పగుల్లో సిమెంటు కుక్కారు.
మంచికే చేసుంటారు.
గట్టిది మెత్తదానికి ఊపిరాడనివ్వదట,
లోపలి చెమ్మకి దారి లేక రాయే పెచ్చులూడుతుందట.
దాన్ని తీసేసి
నలభై రోజులు నానిన సున్నం,
వంశధార ఇసక, కరక్కాయ నీళ్ళు, కాస్త బెల్లం.
రోజూ మా కంటే ముందు
చీమలు పనిలోకి వచ్చేవి.

పదకొండో రోజుకి అక్షరాలు తేలాయి.
ఈ ఊరినుండి మహాయుద్ధమునకు ౪౧ మంది పోయిరి,
అందు ఇంతమంది ప్రాణములిచ్చిరి.
ఎంతమంది?
సరిగ్గా ఆ అంకె దగ్గరే పెచ్చు.
పై వంపు మిగిలింది.
రెండో, మూడో.
పేర్లు లేవు. ఒక్కటీ లేదు.

ఛైర్మన్ గారి మనిషి బైకు దిగకుండానే చెప్పాడు:
"మూడు కొట్టీ బావా, ఎక్కువైతే ఏటి నష్టం?"
ఫైల్లో రెండే ఉందని గుమస్తా.
చెదలు తిన్నాక ఆ ఫైలు తిరగరాశామని చెప్పిందీ ఆయనే.

నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే అసిరమ్మ
బస్సు దిగి వచ్చింది, కొంగున ఏదో మూటతో.
"మా తాతకి అయ్య, తవిటయ్య.
ముందు పుట్టినోళ్ళు నలుగురూ పోతే
ఈ గుంటడ్ని సేటలో ఏసి
కుంచెడు తవుడుకి అమ్మి, మళ్ళీ కొనుక్కున్నారట,
సావు గురుతుపట్టకుండా.
బస్రా ఎల్లినాడు. మరి కబురు నేదు.
ఇందల ఉన్నాడేటి బావూ?"

రాతిలో మనిషి లేడు, అంకె ఉంది.
ఆ అంకే సగం.
ఎలా చెప్పాలో తెలియక కుంచె కడిగాను.
కడిగిందే కడిగాను.

ఆమె వేలు తీసుకెళ్ళి పెచ్చు మీద పెట్టింది.
ముట్టకూడదంటారేమోనని చూస్తే
మేడం అటు తిరిగి
చేతిలోనే ఉన్న డబ్బా మూత వెతుక్కుంటోంది.

పెచ్చు పూడ్చాం. అంకె చెక్కలేదు.
కొత్త సున్నం ఒక్క ఛాయ తెలుపు:
ఇక్కడ మాకు తెలియదని
చూసేవాళ్ళకి తెలియాలి.

మూట విప్పి
గోడ కింద తవుడు పోసింది అసిరమ్మ.
"బేరం తెగనేదు కదా" అంది, అంతే.
మూడున్నర బస్సుకి వెళ్ళిపోయింది.
సాయంత్రానికి ఆ తవుడు ఓ ఆవు నాకేసింది.

సోమవారం మళ్ళీ ఫ్యాక్టరీ.
మా కొండ నీలిరాయి ఓడెక్కి
ఎవరి దేశంలోనో సమాధి పలకవుతుంది.
ఈసారి కాగితం మీద
నాకు చదవరాని లిపిలో ఓ పేరు.
ఉలి పట్టే ముందు
గీతలూ చుక్కలూ లెక్కపెట్టుకున్నాను
రెండుసార్లు.
కాదు, మూడు.