కొసరు

పది వారాలున్నాను ఆ రేవు ఊళ్లో.
ఓడ అతుకుల్లో పగుళ్లు వెతకడం నా పని.
ఇక్కడ గాంధీగ్రామ్‌లో చేసేదే,
అక్కడ చలికి ఇంకో జత గ్లవ్స్ ఎక్కువ.

ఇనుము ఎక్కడైనా ఇనుమే.
మనుషుల దగ్గరే
చెయ్యి ఎంతవరకు చాచాలో తెలిసేది కాదు.

కూరల కొట్లో డబ్బు చేతికివ్వబోతే
ఆవిడ కళ్లతోనే గాజు పళ్లెం చూపించింది.
నోటు అందులో పెట్టాలి,
చిల్లర అందులోంచే ఏరుకోవాలి.
పది వారాల్లో ఒక్క వేలికీ నా వేలు తగల్లేదు.
ముప్పావు కిలో అంటే ముప్పావు కిలోయే.
అంకె కుదిరాక
ఒక్క ఉల్లిపాయ కూడా
పొరపాటున దొర్లి రాలేదు సంచిలోకి.

ట్రామ్‌లో ఫోనెత్తి "ఆఁ, చెప్పమ్మా" అన్నానో లేదో
పెట్టె పెట్టంతా కిటికీల్లోంచి బయటికి చూసింది.
మర్నాటి నుంచి నోటికి చెయ్యడ్డం పెట్టుకుని మాట్లాడితే
"గొంతు బాగోలేదేటే? మిరియాలు మరిగించుకో" అంది అమ్మ.

అన్నం తిన్నావా అని ఎవరూ అడగలేదు.
అడగరని తెలిశాక
నేనే అడిగాను పక్క బల్ల తదేయుష్‌ని.
కంగారుపడిపోయి డబ్బా తెరిచి
తన రొట్టెలో సగం తుంచి పెట్టాడు.
నాకు ఆకలేస్తోందనుకున్నాడు పాపం.
తిన్నాను.
ఏమని చెప్పను?

ఒక్క హలీనా ఇంటి దగ్గరే తికమక పడలేదు.
గుమ్మం బయట నిలబడి అద్దె కవరు అందిస్తుంటే
చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.
నన్ను లోపలికి లాగి
అప్పుడు పుచ్చుకుంది నవ్వుతూ.
గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడితే
తగువులొస్తాయట వాళ్లకీ.
మల్కాపురంలో మా నాయనమ్మ
"లోపలికొచ్చి ఇయ్యి గుంటా" అని
ఎన్నిసార్లు కసిరిందో,
ఆవిడకి వాళ్ల భాషలో ఎలా చెప్పాలో తెలీక
గడప మీద కాలేసి
నాలిక కరుచుకుని చూపించాను.
ఇద్దరం చాలాసేపు నవ్వాం.

తిరిగొచ్చిన నాలుగో రోజు
పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను.
అదే చినుకు, అదే బురద,
గోనె పట్టా మీద అదే ఎర్నమ్మ.
"ఇన్నాళ్లూ ఏటైపోనావమ్మా" అంటూనే
వంకాయలు తూచింది.
నేను నోటు తీసి
బుట్ట అంచు మీద పెట్టాను.

అంతే.
పది వారాల అలవాటు, ఇంకేం కాదు.

ఎర్నమ్మ నోటు వంక చూసింది.
తన అరచెయ్యి వంక చూసుకుంది.
"నా సెయ్యి తగలకూడదేటమ్మా నీకు?"

గాజు పళ్లెం గురించి చెప్పబోయాను.
మధ్యలోనే అర్థమైంది,
ఆ పళ్లెం అక్కడ ఒట్టి పళ్లెమే.
ఇక్కడ దాని కింద
ఎర్నమ్మ అమ్మా, అమ్మమ్మా
పైనుంచి పోసిన నీళ్లకు దోసిలి పట్టి ఉన్నారు.

నోటు తీసి చేతిలో పెట్టాను.
తీసుకుంది. చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.
పక్కన ఎవరికో ధర చెప్పడం మొదలెట్టింది.

ఇంటికొచ్చి సంచి బోర్లించాను.
వంకాయలు సరిగ్గా ముప్పావు కిలో.
అడుగున వెతికాను,
కరివేపాకు రెమ్మ లేదు.